తొడ కొట్టే వయసు, రాజీ మాట్లాడే వయసు

రాయలసీమలో ఏ ఊరి రచ్చకట్ట మీద కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట చెవిన పడుతుంది: "వానికి మీసాలొచ్చినాయి గానీ పెద్దరికం రాలేదు." ఇరవై ఏళ్ల కుర్రాణ్ని చూసి అనే ఈ మాటనే నలభై అయిదేళ్ల మనిషి గురించీ అంటారు. పెద్దరికం వయసు వెంట దానంతటదే నడిచొచ్చేది కాదని ఈ వాడుకలోనే ఉంది. కోపం తలకెక్కినప్పుడు నాలుక పట్టుకోగలిగితే పెద్దరికం. నష్టం వచ్చినా ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే పెద్దరికం. తప్పు తనవైపు ఉందని తెలిసి పదిమందిలో ఒప్పుకుంటే అది మరీ పెద్ద పెద్దరికం. ఈ కొలత పట్టుకుని తెలుగు సినిమా పాత్రల దగ్గరికి, అందులోనూ కర్నూలు, కడప, అనంతపురం పేర్లు చెప్పి తీసిన సినిమాల్లోని పాత్రల దగ్గరికి వెళ్తే ఒక వింత కనిపిస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కోరమీసం, చుట్టూ బలగం, అన్నీ పెద్దవాళ్లవే. చేసే పనులు మాత్రం పదహారేళ్ల పిల్లోడివి.

తెలుగులో ఇంకో వాడుక కూడా ఉంది. ఆడపిల్ల రజస్వల అయిన రోజున "పెద్దమనిషి అయింది" అంటారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లకు ఆ ఒక్క రోజుతో నవ్వే తీరు మారాలి, కూర్చునే తీరు మారాలి, వీధిలోకి వెళ్లే వేళలు మారాలి. మగపిల్లాడికి అలాంటి రోజేదీ లేదు. మీసం మొలిచిన నాటి నుంచి పెళ్లయ్యే దాకా కుర్రోడే. పెళ్లయి ఇద్దరు బిడ్డలు పుట్టాక కూడా ఇంట్లో జేజికి (నాయనమ్మకు) "మా పిల్లోడే". ఎప్పుడు పెద్దవాడయ్యాడో ఎవరూ చెప్పరు, అడగరు. తెలుగు సినిమా హీరో పుట్టి పెరిగింది ఈ ఖాళీ జాగాలోనే. హీరోయిన్‌కు మాత్రం జీవితం ఇచ్చిన పెద్దమనిషి హోదాను తెర మీద వెనక్కి లాక్కుంటారు. ఆ సంగతి కాసేపాగి చూడాలి.

కుర్రతనం అంటే ఏమిటో మొదట తేల్చుకోవాలి. అల్లరి, సరదా, ఉత్సాహం కుర్రతనం కావు. అవి ఎనభై ఏళ్ల అవ్వకూ ఉండొచ్చు. 1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కౌమారంలోని పిల్లల ఆలోచన గురించి రెండు సంగతులు చెప్పారు. మొదటిది, ఆ వయసు పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ప్రేక్షకులు ఉన్నట్టు ఊహించుకుంటారు. ముఖం మీద ఒక మొటిమ వస్తే బడి మొత్తం దాన్నే చూస్తోందనుకుంటారు. కొత్త చొక్కా వేసుకుంటే వీధి మొత్తం తిరిగి చూసిందనుకుంటారు. రెండోది, తమ కథ లోకంలో ఎవరి కథలాంటిదీ కాదని నమ్ముతారు. తమ ప్రేమ లాంటి ప్రేమ ఎవరూ ప్రేమించలేదు, తమకు జరిగిన అవమానం లాంటిది ఎవరికీ జరగలేదు, బైకు ఎంత వేగంగా తోలినా దెబ్బ తగిలేది వేరే వాళ్లకే.

ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని హీరో మొదటిసారి తెర మీదికి వచ్చే సన్నివేశాన్ని తలుచుకుంటే చాలు. ముందు కాలు కనిపిస్తుంది. చెప్పు నేలను తాకగానే దుమ్ము లేస్తుంది. తర్వాత చేతి కడియం. తర్వాత మెడ వెనక భాగం. సంతలో కూరగాయలు తూస్తున్న ఆమె చేతిలో తక్కెడ గాల్లోనే ఆగిపోతుంది. టీ కొట్టు వాడు ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే ఉంచి నోరు తెరుస్తాడు. ఒక ముసలాయన చేతులు జోడిస్తాడు. అందరి చూపులూ అటు తిరిగాక, అప్పుడు ముఖం. ఆ వెంటనే ఇరవై మంది మీద పడతారు. హీరోకి గీత కూడా పడదు. పదిహేనేళ్ల పిల్లాడు గది తలుపు మూసుకుని అద్దం ముందు నిలబడి ఊహించుకునేది అచ్చంగా ఇదే. కోట్ల రూపాయలు పెట్టి, వందమంది జూనియర్ ఆర్టిస్టులను పిలిచి, ఆ పిల్లాడి ఊహను నిజం చేసి చూపిస్తారు.

హీరో వెనక ఎప్పుడూ నలుగురు స్నేహితులుండటానికీ ఇక్కడే కారణం దొరుకుతుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 306 మందిని మూడు వయసుల వారీగా విడదీసి కారు తోలే కంప్యూటర్ ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఇంకెంత దూరం పోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఆట. ఒంటరిగా ఆడినప్పుడు మూడు గుంపుల మధ్యా పెద్ద తేడా లేదు. పక్కన తోటివాళ్లు కూర్చున్నప్పుడు కౌమారంలోని పిల్లలు మరింత తెగించారు. పెద్దవాళ్లు మాత్రం ఒంటరిగా ఎలా ఆడారో, పక్కన మనుషులున్నా అలాగే ఆడారు. పక్కవాడు చూస్తున్నాడని నిర్ణయం మార్చుకోని మనిషే పెద్దవాడు. రచ్చకట్ట మీది కొలతకూ దీనికీ ఏమీ దూరం లేదు. మన సినిమాల్లో హీరో అయినా, విలన్ అయినా, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడో చూపించే సన్నివేశాలు వెతికితే గానీ దొరకవు. పౌరుషానికి జనం కావాలి.

1990ల చివర్లో మొదలై ఓ పదేళ్ల పాటు సీమ కక్షల కథలు తెలుగు తెరను ఏలాయి. వాటిలో గాల్లోకి లేచే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబుల కన్నా ఆలోచించాల్సింది ఆ కథల్లో చెప్పే కారణం. గొడవ ఎందుకు మొదలైంది? పాతకాలంలో ఎవరో ఎవరినో అవమానించారు. పెళ్లిలో తాంబూలం ముందు ఎవరికివ్వాలన్న దగ్గర మాట జారింది. జాతరలో ఎవరి బండి ముందు పోవాలన్నది తేలలేదు. ఆ అవమానం కడుపులో పెట్టుకుని రెండు తరాలు కొట్టుకున్నాయి. మూడో తరంవాడు హీరో.

నిజంగా కక్షల పార్టీలుండే ఊళ్ల చరిత్ర తెలిసినవాళ్లెవరైనా ఇది సగం కథేనని ఒప్పుకుంటారు. ఊరి మీద పట్టు, పంచాయతీ ఎన్నిక, కాంట్రాక్టు పనులు, చెరువు కింద నీళ్లు, గట్టు దగ్గర భూమి, తరాలుగా వచ్చిన పలుకుబడి. వీటి కోసం లెక్కలు వేసుకుని, ఎవరిని ఎప్పుడు దగ్గరికి తీయాలో, ఎవరిని ఎప్పుడు దూరం పెట్టాలో ఆలోచించి నడిపేవాళ్లు వయసు ముదిరిన మనుషులు. వాళ్ల లెక్కలు న్యాయమైనవి కావు, కానీ పిల్లచేష్టలు కూడా కావు. కొడవలి పట్టుకుని ముందు నడిచి, చచ్చేదో జైలుకు పోయేదో మాత్రం ఇరవై రెండేళ్ల పిల్లోళ్లు. నాయకుడు తన భుజం మీద చెయ్యి వేశాడని, పదిమందిలో తన పేరు పెట్టి పిలిచాడని ప్రాణం ఇవ్వడానికి తయారయ్యే వయసు అది. ఎల్కైండ్ చెప్పిన రెండు సంగతులూ అక్కడ నిలువెత్తున కనిపిస్తాయి.

సినిమా చేసిన పెద్ద అన్యాయం ఈ చోటే ఉంది. కూర్చుని లెక్కలు వేసిన పెద్దల కారణాలను వదిలేసి, పరుగెత్తిన పిల్లల కారణాన్ని మొత్తం కారణంగా చూపించింది. పౌరుషమే సీమ, మాట పడకపోవడమే సీమ, తొడ కొట్టడమే సీమ అని మిగతా తెలుగువాళ్లందరికీ చెప్పింది. ఒక ప్రాంతాన్ని మొత్తంగా కౌమారంలో నిలిపేసింది. ఉద్యోగానికో చదువుకో హైదరాబాదు వెళ్లిన కడప పిల్లలను "మీ ఇంట్లో బాంబులుంటాయా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ప్రశ్న వేసేది కూడా పెద్దవాళ్లే.

రాజీ ఎలా జరుగుతుందో తెర మీద చూపిస్తే ఈ ప్రాంతం వేరుగా కనిపించేది. రెండు పార్టీల వాళ్లూ ఎదురెదురుగా కూర్చోరు. ఒకరు గుడి దగ్గర, ఇంకొకరు బడి దగ్గర కూర్చుంటారు. మధ్యలో ముగ్గురు నలుగురు పెద్దమనుషులు అటూ ఇటూ తిరుగుతారు. అటు వాళ్లు అన్న మాట ఇటు వచ్చేసరికి పదును తగ్గుతుంది. "వాడు నా కాళ్లు పట్టుకుంటే తప్ప ఒప్పుకోను" అన్నది "ఆయప్ప కూడా బాధపడుతున్నాడు, నువ్వొక మెట్టు దిగితే ఆయన రెండు దిగుతాడు" అవుతుంది. మధ్యాహ్నం దాటుతుంది. ఎవరికీ తిండి ఉండదు. ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, పెట్టుకున్న కేసులు ఎలా మాట్లాడుకోవాలి, కాలిన గడ్డివామికి లెక్క ఎంత, ఒక్కొక్కటే తెగుతుంది. చివరికి ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి చేతిలో చెయ్యి వేయిస్తారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. చూపు నేల మీదే ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ మనిషి భార్యతో కూడా మాట్లాడడు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు. లోపల రగులుతున్నదాన్ని బిడ్డల కోసం మింగడం అది. తొడ కొట్టడానికి ఒక్క క్షణం చాలు. ఇంత నటనకు అవకాశం ఉన్న సన్నివేశాన్ని వదులుకుని మన దర్శకులు నలభై సార్లు అదే సుమో పేల్చారంటే బాధ కలుగుతుంది.

ఈ పెద్దమనుషుల పంచాయితీలన్నీ న్యాయంగా జరుగుతాయని చెప్పడానికి లేదు. కులం చూసి, డబ్బు చూసి, ఆడమనిషి గొంతు నొక్కి తెగ్గొట్టినవి ఎన్నో ఉన్నాయి. ఆ అన్యాయాన్ని చూపించినా అది పెద్దల కథే అవుతుంది.

కొడవలి దించిన తర్వాత ఏమవుతుందన్నది ఇంకో విడిచిపెట్టిన కథ. సినిమా ఆఖరి దెబ్బతో ముగుస్తుంది. జీవితంలో ఆ దెబ్బ తర్వాతే అసలు లెక్క మొదలవుతుంది. కోర్టు వాయిదాలకు తిరగడానికి పొలం కుదువ పెట్టాలి. వాయిదా రోజున తెల్లారకముందే లేచి మొదటి బస్సు పట్టుకోవాలి. ఊళ్లో ఉండలేక కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో బాడుగ ఇంట్లో పిల్లలను పెట్టి చదివించుకోవాలి. మొగుడు పోయిన ఆమె బుడ్డల (వేరుశనగ) పొలంలో ఒంటరిగా కలుపు తీసుకోవాలి. కొట్టినవాడు కూడా చీకటి పడ్డాక బయటికి రాలేడు. చేసిన పనికి చేసినవాడి చేత వెల కట్టించడమే పెద్దల కథకు గుర్తు. చేసిన పని గాల్లో కలిసిపోయి, పాట మొదలైతే అది పిల్లల కథ.

మరి సినిమావాళ్లు ఇలాంటి పాత్రలనే ఎందుకు తయారు చేస్తున్నారు? దీనికి మార్కెట్టు ఒక కారణం. సినిమా పంపిణీ లెక్కల్లో ఈ జిల్లాలను ఇప్పటికీ "సీడెడ్" అంటారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించినప్పుడు పడ్డ పేరు అది. తెలుగులో దత్తమండలాలన్న ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు సూచనతో రాయలసీమ అని మార్చుకున్నారు. జనం మార్చుకున్న పేరు సినిమా వ్యాపారానికి చేరలేదు. ఆ వ్యాపారంలో "సీడెడ్" అంటే మాస్. ఇక్కడ ఆడాలంటే ఫైట్లు ఉండాలి, హీరో మీసం తిప్పాలి, విశ్రాంతికి ముందు ఒక నరుకుడు పడాలి అన్నది ఒక సూత్రం. మొదటి మూడు రోజుల వసూళ్ల మీదే సినిమా బతుకు ఆధారపడిన కాలంలో, ఆ మూడు రోజులూ హాలుకు వచ్చేది ఎక్కువగా కుర్రాళ్లు. వాళ్ల ఈలల కోసం పాత్రను కోస్తారు. ముప్పై ఏళ్ల ఆడమనిషి, యాభై ఏళ్ల రైతు రెండో వారంలో వస్తారేమో, వచ్చేసరికి సినిమా ఉంటుందో లేదో. ఇళ్లలోనే తెర దొరికాక వాళ్లు హాలుకు రావడం ఇంకా తగ్గింది. అంటే హాలులో మిగిలింది మరింత చిన్న వయసు. ఒక చక్రం లాగా ఇది తిరుగుతోంది.

ఇదే నేల మీద పుట్టిన ఇద్దరు దర్శకులు ఇదే పరిశ్రమలో పూర్తిగా వేరే దారిలో నడిచారు. కాబట్టి ఈ సూత్రాన్ని సీమ రక్తంలో ఉన్నదని నమ్మడానికి వీల్లేదు. పులివెందుల దగ్గర కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి, తాడిపత్రిలో 1912లో పుట్టిన కె.వి. రెడ్డి. వీళ్ల సినిమాలను సాంకేతిక గొప్పతనానికో పాటలకో తలుచుకుంటారు గానీ, పాత్రల వయసు వైపు నుంచి చూస్తే దొరికేది ఎక్కువ.

1951లో వచ్చిన మల్లీశ్వరిలో ఆ వాన రాత్రి సన్నివేశం చూడాలి. బావామరదళ్లు నాగరాజు, మల్లి సంత నుంచి తిరిగి వస్తూ వానకు ఒక మండపంలో ఆగుతారు. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అక్కడే ఉంటారు. మల్లి ఆట చూసి వాళ్లు మెచ్చుకుంటారు. నాగరాజు పొంగిపోతాడు. మరదలి గొప్ప చెప్పుకుంటూ, రాణివాసానికి పల్లకీ పంపించమని వేళాకోళంగా అనేస్తాడు. అచ్చంగా ఆ వయసు కుర్రాడు అనే మాట. ముందు వెనక చూడని మాట, ఎదుటివాళ్ల ముందు గొప్ప కోసం అన్న మాట. ఇప్పటి సినిమాలో అయితే అది ఈల పడే డైలాగు. బి.ఎన్. రెడ్డి ఆ మాటను మరిచిపోనివ్వలేదు. నాగరాజు డబ్బు సంపాదించడానికి దూరదేశం పోయిన సమయంలో పల్లకీ నిజంగానే ఇంటి ముందుకు వస్తుంది. ఆడుతూ పాడుతూ అన్న ఒక్క మాటకు ఇద్దరూ ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. సినిమాలో ఉన్నవాళ్లు కుర్రవాళ్లే. సినిమా తీసినవాడు మాత్రం పెద్దవాడు. కుర్రతనాన్ని అంత ముద్దుగా చూపించి, దాని వెలను కూడా అంత కచ్చితంగా చూపించడం అందరికీ చేతకాదు.

ఆయనే తీసిన బంగారుపాప 1955లో వచ్చింది. ఇంగ్లీషు రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల సైలస్ మార్నర్ దానికి ఆధారం. చేయని నేరానికి జైలుకు పోయిన కోటయ్య పగతో రగిలిపోతూ బయటికి వస్తాడు. కక్ష సినిమాలకు ఇంతకన్నా సరిపడే ముడిసరుకు ఉండదు. పగ తీర్చుకోవాలన్న ఆ మనిషికి దారిలో ఒక పసిబిడ్డ దొరుకుతుంది. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవాలి. ఎత్తుకున్నవాడు పాలు వెతకాలి. పాలు కావాలంటే పని చేయాలి. పగ అక్కడే ఉంటుంది గానీ, దానికి టైము ఉండదు. ఆ వేషం వేసిన ఎస్.వి. రంగారావుకు అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు. ఈ రోజు ఆ వయసులో ఉన్న నటులకు కాలేజీ పాత్రలు రాస్తున్నారు. పులివెందుల పక్కన పుట్టిన మనిషి కొడవలి కన్నా బరువైనదిగా ఒక పసిపాపను చూపించాడన్నది ఈ ప్రాంతం గురించి మాట్లాడే ప్రతిసారీ చెప్పుకోవలసిన సంగతి.

కె.వి. రెడ్డి 1954లో తీసిన సినిమా పేరే పెద్దమనుషులు. ఊళ్లో పెద్దమనుషులుగా చెలామణి అయ్యేవాళ్ల లోపలి కుళ్లును బయటపెట్టిన సినిమా అది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. పెద్దరికం ఒక వేషమూ కావొచ్చు, ఆ వేషం కింద నిజం చెప్పగలిగేది ఊరు పిచ్చివాడనుకున్న రేలంగి పాత్రే కావొచ్చు. పెద్దల తప్పులు కూడా పెద్దల తప్పులుగానే ఉంటాయి ఆ సినిమాలో. లంచం, నటన, పరువు కోసం అబద్ధం. అంతకు ముందు 1947లో ఆయన యోగి వేమన తీశారు. విలాసంలో మునిగిన మనిషి మేల్కొనే కథ అది. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధికి ఇప్పటికీ జనం వెళ్తారు. కంచు మోగినట్టు కనకం మోగదన్న కవిని కన్న నేల ఇది. కంచు చప్పుడే ఈ నేల చప్పుడని సినిమా ఎలా నమ్మించగలిగిందో ఆశ్చర్యంగా ఉంటుంది.

పాత సినిమాలన్నీ ఇలా ఉండేవని అనుకోనక్కర్లేదు. కత్తి తిప్పే రాకుమారులు అప్పుడూ ఉన్నారు. పైగా సరదాకూ పెద్దరికానికీ పోట్లాట లేదు. 1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్‌లో ఘటోత్కచుడు లడ్డూల పళ్లెం ముందు చిన్నపిల్లాడే. తల్లి మాట వచ్చేసరికి, మాట ఇచ్చిన పని వచ్చేసరికి అతనికున్నంత బాధ్యత చాలామంది మీసాల హీరోలకు లేదు.

ప్రేమ దగ్గర ఈ కుర్రతనం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, అక్కడ దాని హాని కూడా ఎక్కువ. అమ్మాయి వద్దంటుంది. వద్దన్న మాట విని తల వంచుకుని వెళ్లిపోవడం పెద్దవాళ్ల పని. గుండె పగిలినా సరే వెళ్లిపోవాలి. సినిమా హీరోకి వద్దన్న మాట వినపడదు, లేదా అది ఒక పందెంగా వినపడుతుంది. కాలేజీ గేటు దగ్గర, బస్టాండులో, ఇంటి ముందు నిలబడతాడు. స్నేహితులు చప్పట్లు కొడతారు. పాట వస్తుంది, అమ్మాయి ఒప్పుకుంటుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గరో కడప ఏడు రోడ్ల దగ్గరో బస్సు కోసం నిలబడే అమ్మాయికి ఈ పాట ఎలా వినపడుతుందో ఆ పాట రాసినవాళ్లు ఒకసారి ఆలోచించాలి. ఇలా వెంటపడటం 2013 నుంచి చట్టంలో నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద వస్తుంది, మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా శిక్ష. ఒక్కడు సినిమాలో ఓబుల్‌రెడ్డికి మందీమార్బలం ఉంది, కర్నూలంతా అతనికి భయపడుతుంది. అంతటి మనిషి తనను కోరుకోని అమ్మాయి కోసం పద్నాలుగేళ్ల పిల్లాడిలా మొండికేస్తాడు. అతను విలన్ కాబట్టి అది తప్పని ప్రేక్షకుడికి తెలుస్తుంది. అదే మొండితనం వేరే సినిమాల్లో హీరో చేస్తే ప్రేమ అవుతుంది. తెరకు తేడా తెలియడం లేదు.

హీరోయిన్ సంగతి దీనికి రెండో వైపు. ఎంబీబీఎస్ చదువుతోందని ఒక డైలాగులో చెప్తారు. తెర మీద ఆమె చేసేది వానలో గెంతడం, ఐస్‌క్రీమ్ ముక్కుకు పూసుకోవడం, వీధి పిల్లలతో దాగుడుమూతలు. నిజం పదమూడేళ్ల పిల్లను పెద్దమనిషి అని ఇంట్లో కూర్చోబెట్టే సమాజం, ఇరవై అయిదేళ్ల డాక్టరమ్మను తెర మీద పదమూడేళ్ల పిల్లను చేస్తుంది. హిందూపురం, ధర్మవరం పల్లెల్లో మగ్గం దగ్గర పని చేస్తూ అప్పులు తీర్చే ఆడవాళ్లు, డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసే ఆడవాళ్లు, కువైట్‌లో ఇంటిపని చేసి రాయచోటి వైపు డబ్బు పంపే ఆడవాళ్లు ఎందరో. వాళ్లలో పెద్దరికం నిండుగా ఉంది. పాత్రగా రాయడానికి ఒక్కరూ పనికిరాలేదా?

సీమ కథల్లోనే ఈ లెక్క తెలిసిన సినిమాలు కూడా వచ్చాయి. 2010లో వచ్చిన మర్యాద రామన్నలో హీరో అయిదెకరాల పొలం అమ్ముకుందామని ఊరికి వచ్చి, తెలియక పగవాళ్ల ఇంట్లోనే అతిథి అవుతాడు. ఇంట్లో రక్తం చిందకూడదన్నది ఆ ఇంటి నియమం. గడప దాటితే చావు. గడప మాట నుంచే కడప వచ్చిందని చెప్పుకునే ప్రాంతానికి ఇంతకన్నా సరైన ఊహ లేదు. ఆ హీరోకి భయం వేస్తుంది. భయం వేసిందని దాచుకోడు. నవ్వుతూ చూసే ఆ సినిమాలో ప్రాణం మీద తీపి ఉన్న మనిషి కనిపిస్తాడు. ప్రాణం మీద తీపి పెద్దవాళ్ల లక్షణం. కుర్రాళ్లకు చావు అనేది ఇంకా మాటే.

2018లో వచ్చిన అరవింద సమేత వీర రాఘవ ఇంకో అడుగు వేసింది. తండ్రి చనిపోయిన తర్వాత జేజి మాటతో హీరో కొడవలి పక్కన పెట్టాలనుకుంటాడు. గొడవ ఆపడమే కష్టమైన పని అన్నది కథలో నడుమ నిలబెట్టారు. మగవాళ్లు ముగించలేని దాన్ని ఇంటి ఆడవాళ్లు ముందుకు వచ్చి మోయాలన్న దగ్గరికి కథ చేరింది. అయితే ఆ మాట చెప్పడానికి ముందు పదుల మందిని నరికే యుద్ధం ఒకటి చూపించాల్సి వచ్చింది. పెద్దరికం గురించి మాట్లాడాలంటే ముందు కుర్రతనానికి సుంకం కట్టాల్సిన పరిస్థితి ఇప్పటి తెలుగు సినిమాది. ఆ సుంకం ఎంత తగ్గితే అంత మంచి సినిమా అని చెప్పుకోవచ్చు.

ఎదురువాదం ఒకటుంది, దాన్ని తోసిపుచ్చకూడదు. పొద్దస్తమానం పెద్దరికం మోసి అలిసిపోయిన మనిషి రెండున్నర గంటలు దాన్ని దించుకోవడానికే హాలుకు వస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం జిల్లాలో విత్తనం వేసే పదును కోసం నెలల తరబడి ఆకాశం చూసేవాడికి, ఒక్క గుద్దుతో అన్నీ తేల్చేసే మనిషిని చూడటంలో ఒక ఊరట ఉంది. తన మీద అరిచిన అప్పులవాణ్ని ఏమీ అనలేకపోయిన బాధ, తెర మీద ఎవడో ఒకణ్ని కొడుతుంటే కాస్త చల్లారుతుంది. ఈ ఊరట నిజమైనదే, తప్పు పట్టాల్సింది కాదు. కానీ హాలుకు వచ్చినవాడికి ఉన్న ఒకే ఒక్క ఆకలి అదేనని అనుకోవడం అతన్ని చిన్నచూపు చూడటం. తెలుగు నేల మీద పల్లె పల్లెనా రాత్రంతా మేలుకుని హరిశ్చంద్ర పద్యనాటకం చూసినవాళ్ల బిడ్డలు వీళ్లు. కాటి సీనులో భార్యను, చచ్చిన బిడ్డను చూసి కూడా ఇచ్చిన మాట కోసం నిలబడ్డ మనిషి కథకు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు. ఆ నాటకంలో ఫైటు లేదు. హరిశ్చంద్రుడు ఒక్కసారి కూడా తొడ కొట్టడు. అయినా తెల్లవారేదాకా ఎవరూ కదలలేదు.

కర్నూలులో సెకండ్ షో వదిలాక బండ్ల స్టాండు దగ్గర ఈ ప్రేక్షకుడు కనిపిస్తాడు. కాసేపటి క్రితం హీరో కొడవలి ఎత్తినప్పుడు సీటు మీదికెక్కి ఈల వేసినవాడే. టోకెను ఇచ్చి బండి తీసుకుంటూ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఇంటికి మాట్లాడుతుంటాడు. "మోటరుకు కరెంటు వచ్చిందా? నాయనకు మాత్ర ఇచ్చినావా? నువ్వు పడుకో, నేనొచ్చి నీళ్లు మార్చుకుంటాలే." కిక్కు కొట్టి, హెడ్‌లైటు వేసుకుని, పొలం వైపు రోడ్డెక్కుతాడు.